ఒగ్గు డోలు, చిందు హార్మోనియం, డప్పు బాగుచేసిన వాళ్లకు శనార్థులు

ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతర్లు సంక్రాంతికి మొదలైతే ఉగాది దాక నడుస్తయి. ఒగ్గు కథ చెప్పేటోళ్లకు ఏడాది తిండిగింజలు ఈ నెలల్లనే. పంట ఇంటికొచ్చినంక చిందు యక్షగానం ఆటలు, లగ్గాలకు డప్పులు గూడ అప్పుడే. బయానా తీసుకున్నంక వాయిద్యం పలకకపోతే ఆ ఊరు వచ్చే ఏడు పిలువది. ఈసారి వానకాలం తేమకు మూడు బృందాల వాయిద్యాలు పాడైతే, పైస అడగకుండ పని చేసిచ్చిన వాళ్లందరికీ ఆ బృందాల తరఫున దండాలు. పేర్లు రాయొద్దన్నరు, కాబట్టి పని చెప్పి మొక్కుతున్నం.

మొదటి దండం డోలు కట్టిన తాతకు. మాణిక్యాపురం చుక్క సత్తయ్య, హన్మాజీపేట మిద్దె రాములు ఒగ్గు కథకు ఎంత పేరు తెచ్చిండ్రో అందరికీ తెలుసు. కథకుని వెనుక డోలు పట్టినోళ్లను, ఆ డోలు కట్టినోళ్లను ఎవరూ తలుచుకోరు. అందుకే ఆ చేతుల మాట ముందుగాల చెప్తున్నం. డోలు వదులైందంటే అందరం తాళ్లే గుంజుతం. తాత మొదలు చెక్కను చూసిండ్రు. చెక్కల పగులు ఉంటే ఎంత బిగించినా మోత రాదు, ఆ బిగువుకు పగులు ఇంకింత పెద్దగైతది. వడ్ల (వడ్రంగి) అన్న రంపపు పొట్టును జిగురుల కలిపి పగులు నింపి, మీద ఇనుప పట్టీ ఏసిండు. మేక తోలును రాత్రంత నీళ్లల్ల నానేసి, లోపలి దిక్కు కండ పొర గీకి, తడి మీదనే ఎక్కించిండ్రు. కర్ర దెబ్బ పడే దిక్కుకు మందం తోలు ఎంచిండ్రు. తాళ్లు వరుసగ గుంజొద్దు: ఒకటి గుంజితే తర్వాత దాని ఎదురు తాడు గుంజాలె, లేకుంటే తోలు ఒక పక్కకు పోయి మోత వంకరైతది. సగం బిగించి నీడకు ఆరబెట్టి, ఆరినంకనే పూర్తిగ బిగించాలె. తొందరపడి ఎండల పెడితే తోలు ఒకచోట ముందు గుంజుకొని అంచు కాడ చీరుతది.

హార్మోనియం మాస్టారుకు ఎంత చెప్పినా తక్కువే. 2024ల పద్మశ్రీ వచ్చిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారిది జనగామ జిల్లా; చిందు పేరు ఢిల్లీ దాక పోయింది. ఆట రక్తి కట్టాలంటే మాత్రం హార్మోనియం, మద్దెల ఒక్క శ్రుతిల ఉండాలె. ఈ పెట్టెల రెండు మెట్లు పలుకుతలేవు, ఒకటి బొంగురు. మాస్టారు ఆకురాయి పట్టలేదు. ముందు పల్చటి కాయితం ముక్కను ఇత్తడి రీడు (గాలికి అదిరి పలికే పల్చటి రేకు) కిందికెళ్లి జరిపి దుమ్ము తీసిండ్రు. పలకని రెండు మెట్లూ గంతటితోనే పలికినయి. బొంగురు మెట్టు శ్రుతి తగ్గింది. రీడు కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతది, మొదలు దగ్గర గీకితే తగ్గుతది. ఒక్క గీత గీకి, పై స్థాయి స్వరంతోని కలిపి పలికించి, రెండింటి నడుమ ఊగులాట పోయేదాక చూసిండ్రు. ఎక్కువ గీకితే రీడు విరుగుతది, పోయిన లోహం మళ్ల రాదు. తర్వాత గాలి కొట్టే తిత్తి: గాలి నింపి మెట్లు ముట్టకుండ ఉంచితే ఎంబడే కిందికి దిగింది, అంటే కారుతున్నది. మడతల మూలల కాడ ఎలుకలు కొరికినయి. అంతకుముందు ఎవరో ప్లాస్టిక్ టేపు ఏసిండ్రు, కానీ మడత పడే జాగల టేపు నిలువది. మాస్టారు టేపు పీకేసి పల్చటి గొర్రె తోలు అంటించిండ్రు.

డప్పులకు మూత తోలు ఊడుడే అసలు రోగం. కారణం ఫెవికాల్. డప్పును కొట్టే ముందు ప్రతిసారి మంటకు కాపుతం, ఆ వేడికి ఫెవికాల్ మెత్తబడి తోలు జారుతది. చింతగింజల అంబలి అట్ల కాదు, సెగకు తట్టుకుంటది. గింజలు వేయించి, నానబెట్టి, పైపొట్టు తీసి, మెత్తగ నూరి, చిక్కగ ఉడికించాలె. ఈ పని అంత మా వాడకట్టు అక్కలు చేసిచ్చిండ్రు. గింజల్ల ఒక్క పొట్టు ముక్క లేకుండ ఏరిండ్రు, అందుకే గుండుకు (డప్పు చట్రానికి) తోలు సాపుగ అంటుకున్నది. కాపేటప్పుడు గడ్డి మంటకు జానెడు ఎడంగ తిప్పుకుంట పట్టాలె. ఒక్క దిక్కే పెడితే తోలు మాడి పిగులుతది.

మైక్‌సెట్ తమ్మునికి గూడ దండం. డోలుకు మైకు పెట్టకుండ, కథకునికి ఒకటి, వంత పాడేటోళ్లకు ఒకటి ఇచ్చిండు. స్పీకర్లను మైకుల ముందుకు జరిపిండు, కూత పోయింది. గజ్జెలను నైలాన్ తాడుకెళ్లి తీసి నూలు తాడుకు గుచ్చిన చెల్లెకు గూడ మొక్కుతున్నం. నైలాన్ ముడి ఆటల జారుతది.

మూడు బృందాల వాళ్లకు మాస్టారు, తాత చెప్పి పంపిన మాట ఇది. జాతర కాడికెళ్లి రాంగనే డోలు తాళ్లు కొంచెం వదులు చెయ్యండి, గోడకు ఆనియ్యకుండ గుడ్డ చుట్టి వేలాడదీయండి. హార్మోనియం తిత్తి మూసి కొక్కెం పెట్టండి, పెట్టెల నాఫ్తలిన్ గోళీలు గుడ్డల కట్టి ఏయండి. ఇంకో డప్పు గుండుకు తోలు ఎక్కియ్యాల్సి ఉన్నది. చింతగింజలు మిగిలినోళ్లు అక్కలకు ఇయ్యండి.