క్లబ్బు లెక్కలు విడమరిచి చూపాలి

సంపాదకునికి,

నల్లగొండలో మా కాలనీ సంఘమే క్లబ్బునూ నడుపుతోంది. లాభాపేక్ష లేని సంస్థగా 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరైంది. మొన్నటి సర్వసభ్య సమావేశంలో మా చేతికిచ్చిన లెక్క ఒకే ఒక్క కాగితం. కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం విడివిడిగా ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద అంకె మాత్రం ‘ఇతర ఖర్చులు’ కింద ఉంది. అదేందని అడిగితే, ‘ఆడిటరు సంతకం పెట్టిండు గద సార్’ అన్నారు. పెట్టిండు, సరే. రసీదులేవి?

నా అసలు అభ్యంతరం ప్రవేశ రుసుము మీద. కొత్త సభ్యుడు ఒక్కసారే కట్టే ఆ సొమ్ము మూలనిధికి చేరాలి. రేపు పైకప్పు కురిసినా, బోరు ఎండినా అక్కరకొచ్చేది అదే. మా దగ్గర దాన్ని జీతాలకు వాడేస్తున్నారు. విత్తనపు వడ్లు దంచుకు తినడమే ఇది. కొత్త చేరికలు ఆగిన నాడు చందా పెంచుతారు, ఇంకేముంది!

పన్ను సంగతి మరీ అన్యాయం. సభ్యులు తమలో తాము పోగేసుకున్న సొమ్ముకు ఆదాయపు పన్ను ఉండదన్నది నిజమే. కానీ క్లబ్బులో సభ్యత్వమున్న బ్యాంకుల్లో వేసిన డిపాజిట్ల వడ్డీకి సైతం ఆ మినహాయింపు లేదని బెంగళూరు క్లబ్ కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. బయటివాళ్ల పెళ్లిళ్లకు హాలిచ్చి తీసుకున్న అద్దె కూడా సభ్యుల సొమ్ము కాదు. మా కాగితంలో ఈ రెండూ ‘చందాలు వగైరా’లో కలిసిపోయాయి. నోటీసు వస్తే జరిమానా పడేది మా జేబులకే.

వచ్చే కార్యవర్గ ఎన్నికల లోపే హాలు అద్దె, వడ్డీ, ప్రవేశ రుసుము వేర్వేరు పద్దుల్లో రాసి నోటీసు బోర్డులో పెట్టాలి. ఆడిటరును ఎన్నుకునే పని సర్వసభ్య సమావేశానికే వదలాలి.

– ఒక సభ్యుడు, నల్లగొండ