నువ్వు పంపిన సీసాల గురించి

చిరంజీవి అమ్మలూకి అమ్మ ఆశీస్సులు.

ఫోన్లో చెబితే కంగారు పడతావని ఉత్తరం రాస్తున్నాను. ముందే చెబుతున్నా, నాన్నగారు ఇప్పుడు బాగున్నారు.

నా మోకాళ్ల నొప్పులకి మూడు సీసాలు పంపావు కదా: కీళ్ల కోసమని గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిసినది ఒకటి, పసుపు క్యాప్సూల్స్ ఒకటి, చేపనూనె ఒకటి. నాన్నగారు నాకు చెప్పకుండా ఆ మూడూ వేసుకోవడం మొదలుపెట్టారు. "మందులు కాదుగా, బలానికేగా" అనుకున్నారట. మూడు వారాలకి ఒకరోజు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం కారుతూనే ఉంది. చేతుల మీద కమిలిన మచ్చలు. గుండె వాల్వు మార్చినప్పటి నుంచి ఆయన రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారని నీకు తెలుసు. రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ ఎప్పుడూ 3 దగ్గర ఉండేది, ఆ రోజు 5.8 వచ్చింది. నా కాళ్లూ చేతులూ ఆడలేదమ్మా.

డాక్టరుగారు ఇంట్లో ఉన్న సీసాలన్నీ తెమ్మన్నారు. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిసి వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచిన కేసులు ఉన్నాయట. గాఢమైన పసుపు సారం, చేపనూనె కూడా రక్తం గడ్డకట్టడాన్ని కొంత తగ్గించవచ్చట. మూడూ ఒకేసారి మొదలుపెట్టారు కాబట్టి ఏది ఎంత చేసిందో తేల్చలేమన్నారు.

తర్వాత నేను కళ్లజోడు పెట్టుకుని లేబుళ్లు చదివాను. కీళ్ల సీసాలోనూ పసుపు సారం ఉంది! అంటే నేనూ ఇన్నాళ్లూ రెండింతలు మింగాను. పైగా రెండింటిలోనూ మిరియాల సారం, పసుపు ఒంటికి బాగా పట్టడానికట. పప్పులో వేసే చిటికెడు పసుపుతో దీన్ని పోల్చకు. ఇలాంటి క్యాప్సూల్స్‌తో కొందరికి లివర్ దెబ్బతింది. ఇంకో మాట, ఆ గ్లూకోసమైన్ రొయ్య, పీత పెంకుల నుంచి తీసిందట. రొయ్యలు పడని మీ మేనత్తకి ఒక సీసా ఇద్దామనుకున్నాను!

2006లో అమెరికాలోనే దాదాపు 1,600 మంది మీద పరీక్షిస్తే, మొత్తం మీద గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ రెండూ కలిపి వాడినా ఉత్తుత్తి మాత్ర కంటే చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదని డాక్టరుగారు చెప్పారు. నువ్వు పంపావని నాకు నొప్పి తగ్గినట్టే ఉండేది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని కాలు చాపి ఎత్తే వ్యాయామం చేస్తున్నాను.

నీ తప్పేమీ లేదు, బాధపడకు. మీ అత్తగారికీ ఇవే పంపానన్నావు కదా? ఆవిడ గుండెకి రోజూ ఏ మాత్రలు వేసుకుంటారో నాకు తెలియదు. ఉత్తరం చూడగానే ఫోన్ చేసి, ఆ సీసాలు వాళ్ల డాక్టరుకి చూపించేదాకా వేసుకోవద్దని చెప్పు.

మీ అమ్మ