లీకు ఎక్కడో తేల్చకుండా రేడియేటర్ మార్చేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలంలో కార్ల జాగ్రత్తల గురించి మొన్న మీ పత్రికలో ఓ చిన్న వ్యాసం వచ్చింది. టైర్లలో గాలి, ఏసీ, బ్యాటరీ గురించి బాగానే రాశారు గానీ, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) దగ్గరికొచ్చేసరికి ‘తగ్గితే నీళ్లు పోసుకోండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సరిగ్గా ఆ మాటే నమ్ముకుని నేను ఆర్నెల్లు తిప్పలు పడ్డాను, అందుకే ఈ ఉత్తరం.

అసలు కూలెంట్ తగ్గకూడదండీ. రోజూ ఖర్చయిపోవడానికి అదేమీ పెట్రోలు కాదు. ఇంజిన్ వేడెక్కితే కూలెంట్ బాటిల్లో కాస్త పైకొస్తుంది, చల్లారితే కిందికి పోతుంది, అంతే. నెలకో అర లీటరు పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందన్నమాట. అది ఎక్కడో వెతక్కుండా పోసుకుంటూ పోవడం చిల్లుకుండలో నీళ్లు నింపడమే.

నాది 2007 మారుతి 800. పదిహేనేళ్లు నిండాక మళ్లీ ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ చేయించుకున్న బండి, మా అబ్బాయికి దాన్ని చూస్తేనే చిరాకు. కిందటి కార్తీకంలో బాటిల్ అడుగంటడం చూశాను. కింద గచ్చు మీద చుక్క లేదు. రాత్రి ఓ అట్టపెట్టె విప్పి బండి కింద పరిస్తే, తెల్లారి చూసినా పొడిగానే ఉంది. (ఏసీ వేసుకుని తిరిగొచ్చినప్పుడు కింద పడే నీళ్లు వేరు. అవి తేటగా, వాసన లేకుండా ఉంటాయి. కూలెంట్ అయితే రంగు ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది.)

మొదట వెళ్లిన షెడ్డులో కుర్రాడు బానెట్ ఎత్తి ఇలా చూసి అలా దించేశాడు. ‘రేడియేటర్ పోయింది సార్’ అన్నాడు. ఎలా తెలిసింది తమ్ముడూ అంటే, ‘పాత బండి కద సార్, అవే పోతాయి’ అన్నాడు. కొత్త రేడియేటర్, ఆకుపచ్చ కూలెంట్, మజూరీ అన్నీ కలిపి నాలుగున్నర వేలు. పదిహేను రోజులకు బాటిల్ మళ్లీ ఖాళీ.

రెండో షెడ్డులో ‘వాటర్ బాడీ’ అన్నారు, అంటే వాటర్ పంపు. అది మార్చే ముందు లీకులు ఆపే పౌడర్ వేసి చూద్దామన్నారు, వేశారు. వెనకటికి లారీ డ్రైవర్లు రేడియేటర్లో పసుపు పోసేవాళ్లు, ఇదీ ఆ బాపతే. దారిలో సూదిమొనంత చిల్లు పడితే ఇల్లు చేరడానికి పసుపు పనికొస్తుందేమో, నేను కాదనను. కానీ చిల్లును పూడ్చేది సన్నటి గొట్టాలను కూడా పూడ్చేస్తుంది కదా! రెండు నెలలు తగ్గలేదు, తర్వాత మళ్లీ మామూలే. వాళ్లు ఇంకో సలహా కూడా ఇచ్చారు. థర్మోస్టాట్ వాల్వు పీకేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందట. నేను ఒప్పుకోలేదు. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటర్ వైపు పోనివ్వకుండా ఆపేది అదే. దాన్ని తీసేస్తే ఇంజిన్‌కు ఉండాల్సిన వేడి ఉండదు, పెట్రోలు మాత్రం తాగుతుంది.

ఇక అప్పట్నుంచి నేనే పోసుకోవడం మొదలుపెట్టాను. కూలెంట్ కొని కొని విసుగొచ్చి బోరు నీళ్లు పోశాను. ఖమ్మంలో మా బోరు నీళ్లు బకెట్‌లో వారం నిల్వ ఉంటే అంచున తెల్లగా పొర కడుతుంది, అదే పొర ఇంజిన్ లోపల కట్టదా అని అప్పుడు తట్టలేదు. తుప్పు పట్టకుండా, ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్డును తినేయకుండా కాపాడే మందులు కూలెంట్‌లో కలిపి ఉంటాయి. నీళ్లు పోసినకొద్దీ అవి పలచబడిపోతాయి.

వైశాఖంలో సత్తుపల్లిలో పెళ్లికి బయల్దేరాం. వైరా దాటాక మా ఆవిడ, ‘కార్లో బెల్లం పాకం కాచినట్టు వాసనొస్తోందేంటండీ?’ అంది. చెరుకు బండి ఏదో ముందు పోతోందిలే అన్నాను. తల్లాడ దాటామో లేదో బానెట్ సందుల్లోంచి ఆవిరి. తమాషా ఏంటంటే, టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే ఉంది! ఆ సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే వేడిని సరిగ్గా చెబుతుంది, నీళ్లు దిగిపోయి అది గాల్లో తేలితే తప్పుడు లెక్క చెప్పొచ్చు. ముల్లు బాగానే ఉంది కదా అని నేను మరో రెండు కిలోమీటర్లు లాగించేవాణ్నే, ఆ ఆవిరి కనపడబట్టి ఆపాను.

దిగీదిగగానే రేడియేటర్ మూత తీయబోయాను. వెనకాలే ఆగిన లారీ డ్రైవరు ‘ఆగండి పెద్దాయనా, మొహం కాలిపోద్ది’ అని గట్టిగా అరిచాడు. ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆ మూత మీద 0.9 అని అచ్చు వేసి ఉంటుంది, చదరపు సెంటీమీటరుకు అన్ని కిలోల ఒత్తిడి దాకా ఆపుతుందని. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీళ్లు ఆ ఒత్తిడిలో 118 దాకా మరగవు. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పోయి లోపలున్నదంతా మరిగి మీదికి చిమ్ముతుంది. చెట్టు కింద ముప్పావుగంట కూర్చుని, చల్లారాక నీళ్లు పోసుకుని మెల్లగా వెళ్లాం. తలంబ్రాలు అందలేదు, భోజనాలు అందాయి.

తిరిగొచ్చాక మా వీధిలో ఆటో ఆయన చెబితే మూడో షెడ్డుకు వెళ్లాను. పెద్ద మెకానిక్, అరవై పైనే ఉంటాయి. ముందు ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీసి అడుగున వేలు పెట్టి చూశాడు. అక్కడ పాలు కలిపిన కాఫీలా ఉంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ దాని కింది ఇంజిన్‌కూ మధ్య ఉండే సీలు) పోయి కూలెంట్ ఆయిల్లో కలిసినట్టేనట, నా అదృష్టం, లేదు. తర్వాత రేడియేటర్ మూత తీసి దాని స్థానంలో సైకిలు పంపు లాంటిది బిగించాడు, దానికో మీటరు. ఇంజిన్ చల్లగా ఉండగానే 0.9 దాకా గాలి కొట్టి, ‘టీ తాగొద్దాం రండి సార్’ అన్నాడు. వచ్చేసరికి ముల్లు 0.6 మీద ఉంది. అదే లీకుకు సాక్ష్యం. మళ్లీ కొట్టి, టార్చిలైటూ పళ్ల డాక్టరు దగ్గరుండే లాంటి చిన్న అద్దమూ పట్టుకుని ఒక్కో పైపూ తడుముకుంటూ పోయాడు. నేను పాకం వాసన సంగతి చెప్పగానే తలెత్తి, ‘అది ముందే చెప్పాలి కద సార్’ అని నేరుగా ఇంజిన్ వెనకవైపుకి వెళ్లిపోయాడు.

హీటర్‌కు పోయే సన్నపైపు అక్కడుంది. క్లిప్పు కింద రబ్బరు ఉబ్బి, మెత్తబడి, గోరంత పగులు. అద్దంలో చూపించాడు, క్లిప్పు అంచున చెమట పట్టినట్టు ఒక బొట్టు ఊరి, నిదానంగా పెద్దదై, జారింది. చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి మరక. బండి నడిచేటప్పుడు ఒత్తిడికి అక్కడ కారి, వేడి ఇంజిన్ మీదే పడి ఆవిరైపోతోంది, ఇక గచ్చు మీద చుక్క ఎలా కనపడుతుంది? ఆ వాసనే గాలి వచ్చే సందుల్లోంచి లోపలికి వచ్చింది. మా ఆవిడ ముక్కు పట్టేసింది, రెండు షెడ్లకు దొరకలేదు.

పైపు 120 రూపాయలు, రెండు క్లిప్పులు, మూత రబ్బరు గట్టిపడిందని కొత్త మూత, పరీక్షకు 300. లోపల కడిగి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోశాడు. హీటర్ ఫుల్లుగా తిప్పి, మూత తీసి, ఫ్యాను రెండుసార్లు తిరిగేదాకా ఇంజిన్ ఆన్‌లో ఉంచి గాలి బుడగలన్నీ పోగొట్టాడు. ఈ చివరి పని చేయకపోతే లోపల గాలి చిక్కుకుని బండి మళ్లీ వేడెక్కుతుందట.

పరీక్షకు 300 ఎందుకు, ఊరికే చూడలేవా అని మనవాళ్లే బేరమాడతారు, రేడియేటర్‌కు నాలుగున్నర వేలు మాత్రం నోరెత్తకుండా ఇస్తాం, నేనూ ఇచ్చాను. మరి మెకానిక్‌లు ఊహించి పార్టులు మార్చక ఏం చేస్తారు? లీకు చూపించమని అడగండి. మీటరు ముల్లు పడిపోవడమైనా, ఆ బొట్టైనా కళ్లతో చూశాకే పార్టుకు ఒప్పుకోండి. వచ్చే ఏడు మీ వ్యాసంలో ఈ రెండు వాక్యాలకు చోటిస్తే చాలు.

ఇంకో సంగతి. పాత కూలెంట్‌ను మురిక్కాలవలోకి వదలబోతుంటే ఆ పెద్దాయన్ని ఆపి డబ్బాలో పట్టించాను. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కొంచెమైనా చాలు కిడ్నీలు పాడై చచ్చిపోతాయి. షెడ్డు ముందు అప్పటికే రెండు కూర్చుని ఉన్నాయి, డబ్బా వంకే చూస్తూ.

– ఒక పాఠకుడు, ఖమ్మం