చేపలు పట్టడం కూడా వైద్యమేనా?

ఒరేయ్ రఘూ,

కులాసానా? గాయపడ్డ సైనికులను చేపలు పట్టడానికి తీసుకెళ్తారని మొన్న ఫోన్‌లో చెబితే పకపకా నవ్వేశావు. "అది కూడా వైద్యమేనా?" అన్నావు. ఫోన్‌లో నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఈ ఉత్తరం.

ముందు లుడ్విగ్ గుట్‌మన్ సంగతి విను. నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండ్ చేరిన యూదు డాక్టర్. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల విభాగం ఆయన చేతికొచ్చింది. అప్పట్లో అలాంటివాళ్ల మీద అందరూ ఆశ వదులుకునేవారు. పడక పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు ప్రాణం తీసేవి. ఈయన రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పించడంతో ఊరుకోలేదు, చేతికి విల్లు ఇచ్చాడు! బాణం లాగుతుంటే భుజాలు, వీపు గట్టిపడతాయి. పైగా కుర్చీలో కూర్చునే, నిలబడి వేసేవాడితో పోటీ పడొచ్చు. 1948 జులై 29న, సరిగ్గా లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, 16 మందితో ఆసుపత్రి ఆవరణలో పోటీ పెట్టాడు. పారాలింపిక్స్‌కి మూలం అదే.

ఇక నీ చేపలు. అమెరికాలో ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్ అనే కార్యక్రమం 2005లో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో మొదలైంది. నదికి వెళ్లడం తర్వాతి మాట. ముందు బల్ల దగ్గర కూర్చుని, గాలానికి ఈకలూ దారాలూ చుట్టి పురుగులా కనిపించే ఎర కట్టాలి. రబ్బరు బంతి నొక్కమంటే కాసేపటికే విసుగొస్తుంది. ఎర కడుతుంటే వేళ్లకి కసరత్తు అవుతోందన్న ధ్యాసే ఉండదు. ఒంటిచేత్తో కట్టేవాళ్లూ ఉన్నారు, గాలాన్ని బిగించి పట్టుకోవడానికి చిన్న పనిముట్టు ఉంటుంది. ఇక నీళ్ల దగ్గర పక్కనున్నవాడూ దెబ్బతిన్నవాడే. ఏం జరిగిందని అడగడు. డాక్టర్ ముందు నోరు విప్పనివాడు కూడా అక్కడ ఎప్పుడో ఓ మాట అనేస్తాడు.

అలాగని మందులూ కౌన్సెలింగూ మానేయమనడం లేదురా. ఏడాదికోసారి టూరు తిప్పి, ఫొటోలు దిగి పంపేసే తంతు నాకూ నచ్చదు. ఇంటికెళ్తే మళ్లీ అదే గది. వారం వారం కలిసే చిన్న గుంపు వెయ్యి రెట్లు నయం. ఇంటివాళ్లనీ రానివ్వాలి, రాత్రిళ్లు ఆ సైనికుడితోపాటు నిద్ర కాచేది వాళ్లేగా.

ఏ ఆట అన్నది మాత్రం అతని ఇష్టానికే వదిలేయాలి. మాత్రలు ఎప్పుడు, పడుకునేది ఎప్పుడు, అన్నీ పక్కవాళ్లే చెబుతుంటే ఇదొక్కటైనా తనది కావాలి కదా. మన మురళీకాంత్ పేట్కర్ సైన్యంలో బాక్సర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలాక ఈతలో పడ్డాడు, 1972 హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో బంగారు పతకం కొట్టాడు. అందరికీ పతకాలు రావు, రానక్కర్లేదు కూడా. వచ్చే వారం మళ్లీ వెళ్లాలని అనిపిస్తే నా లెక్కలో అది పనిచేసినట్టే.

జవాబు రాయి, ఫోన్ చేయకు.

నీ శ్రీను