2020-21 వార్షిక నివేదిక: కొవిడ్ కబురు తెలుగులో చేరవేసిన ఏడాది

మెల్‌బోర్న్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో ఉగాది, బతుకమ్మ, దీపావళి, పిల్లల తెలుగు బడి, క్రికెట్ టోర్నమెంటు అని వరసగా రాసుకుంటూ వచ్చాం. 2020 జూలై నుంచి 2021 జూన్ దాకా గడిచిన ఏడాదిలో వీటిలో చాలావరకు మామూలుగా జరగలేదు. తెలుగు బడి జూమ్‌లో నడిచింది, దీపావళి ఎవరింట్లో వాళ్ళం చేసుకున్నాం. అందుకే ఈసారి నివేదిక దాదాపు మొత్తం ఒకే పని గురించి: ప్రభుత్వ గ్రాంటుతో కొవిడ్ సమాచారాన్ని మెల్‌బోర్న్‌లోని మనవాళ్ళకు తెలుగులో అందించడం. వచ్చే ఏడాది మళ్ళీ ఈ గ్రాంటు అడగాలా వద్దా అన్నది మీరే తేల్చాలి కాబట్టి, ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. జమాఖర్చుల పట్టిక ఖజానాదారు గారు విడిగా పంపారు.

ముందు, ఆ డబ్బు ఎందుకొచ్చిందో గుర్తు చేయాలి. 2020 జూలై 4న ఫ్లెమింగ్టన్, నార్త్ మెల్‌బోర్న్‌లోని 9 ప్రభుత్వ గృహ టవర్లను ముందు చెప్పకుండా అప్పటికప్పుడు మూసేశారు. అందులో ఉన్న సుమారు 3,000 మందిలో చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు. కింద పోలీసులు నిలబడి ఉన్నారు, పైన వాళ్ళకి ఏం జరుగుతోందో తెలియదు. అలా వెంటనే మూసేయడం మానవ హక్కుల చట్టానికి విరుద్ధమని ప్రభుత్వ పనుల మీద ఫిర్యాదులు విచారించే విక్టోరియా రాష్ట్ర ఆంబుడ్స్‌మన్ ఆ డిసెంబరులో తేల్చారు. ఈలోగా ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం వలస వచ్చిన, భిన్న భాషల సమాజాల కోసం ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టి 1.43 కోట్ల డాలర్లు ప్రకటించింది. మనలాంటి సంఘాలకు చిన్న చిన్న గ్రాంట్లు వచ్చిన దారి అదే. అప్పటికి మనవాళ్ళు ఎక్కువగా ఉండే టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ ఉన్న విండమ్ ప్రాంతంలో కేసులు బాగా పెరిగిపోయి ఉన్నాయి. ఈ డబ్బు మార్చిలో వచ్చి ఉంటే ఎంత బాగుండేదో, ఇప్పుడు తలుచుకున్నా బాధగా ఉంటుంది.

దరఖాస్తు, బీమా కాగితాలు, పాత ఆడిట్ లెక్కలు, వీటి గురించి ఎక్కువ చెప్పను. మూడు రాత్రులు పట్టింది, డబ్బొచ్చింది.

అసలు కష్టం మాటల దగ్గర మొదలైంది. బయట చేయించిన ఒక అనువాదం మా చేతికి వచ్చింది. కొవిడ్ వచ్చిన మనిషికి దగ్గరగా మెలిగినవాళ్ళు అని చెప్పాల్సిన చోట 'సన్నిహిత సంబంధం కలిగిన వ్యక్తులు' అని ఉంది. అది చదివి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "నాకలాంటివి ఏమీ లేవమ్మా, నేనెందుకు టెస్టు చేయించుకోవాలి?" అని చాలా ఇబ్బందిగా అడిగారు. ఆయన తప్పేమీ లేదు, మన వాడుకలో ఆ మాటకు వచ్చే అర్థం అదే. 'స్వల్ప లక్షణాలు' అన్న చోట మేం 'గొంతు గరగరలాడినా, ముక్కు కారినా, ఒళ్ళు నొప్పులున్నా' అని రాశాం. 'వ్యాయామానికి ఒక గంట అనుమతి' అని ఉంటే, సాయంత్రం నడక వ్యాయామం కిందకి రాదేమోనని ఒకావిడ పది రోజులు గడప దాటలేదు, అందుకని 'రోజుకు గంటసేపు నడవడానికి వెళ్ళొచ్చు, ఇంటి నుంచి 5 కిలోమీటర్ల లోపే' అని మార్చాం.

రెండో పాఠం, కాగితం ఎవరూ చదవలేదు. పీడీఎఫ్ పంపితే వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ పెట్టేసి వదిలేసేవారు. పైగా అది తయారై వచ్చేసరికి నియమం మారిపోయేది. ఆగస్టు 2న రాత్రి 8 నుంచి ఉదయం 5 దాకా కర్ఫ్యూ అన్నప్పుడు ఆ సాయంత్రానికే జనానికి తెలియాలి కదా. అప్పుడే ఆడియోకి మారాం. కూతురి పురుడుకని తెనాలి నుంచి వచ్చి, మార్చిలో సరిహద్దులు మూసేయడంతో ఇక్కడే ఉండిపోయిన ఒక రిటైర్డు టీచరమ్మ గొంతిచ్చారు. గదిలో గొంతు ప్రతిధ్వనిస్తోందని ఆవిడ బట్టల అలమరలో, వేలాడే చీరల మధ్య స్టూలేసుకుని కూర్చుని ఫోన్లో రికార్డు చేసేవారు. 'పరీక్ష చేయించుకొనవలెను' అని రాసిస్తే, "ఎవరికి నాయనా ఈ ఉత్తర్వులు?" అని కొట్టేసి 'చేయించుకోండి' అని చదివారు. రెండు నిమిషాలు దాటకుండా ఒక్కో ఆడియో. ప్రభుత్వ విలేకరుల సమావేశం అయిన రెండు గంటల్లో వాట్సాప్ గ్రూపులకు వెళ్ళిపోయేది. గ్రాంటులో అనువాదకులకు, రికార్డింగుకు డబ్బుంది, కానీ విజిటర్ వీసా మీద ఉన్న మనిషికి పని చేయించి డబ్బివ్వకూడదు. అందుకని ఆవిడకి మనం పైసా ఇవ్వలేకపోయాం. ఈ నివేదికలో ముందుగా కృతజ్ఞతలు ఆవిడకే.

అన్నిటికన్నా ఎక్కువ ఫోన్లు తెచ్చిన ఆడియో మాత్రం జాగ్రత్తల గురించి కాదు, డబ్బు గురించి. గోడౌన్లలో, వృద్ధాశ్రమాల్లో, డెలివరీల్లో పనిచేసే మన పిల్లలు, ముఖ్యంగా స్టూడెంట్లు, దగ్గు వచ్చినా టెస్టుకు వెళ్ళేవాళ్ళు కాదు. రిజల్టు వచ్చేదాకా ఇంట్లో కూర్చుంటే షిఫ్టు పోతుంది, అద్దె ఎవరు కడతారు? ఒకే ఇంట్లో ఆరుగురు ఉంటున్న కుర్రాళ్ళతో మాట్లాడితే, టెస్టు చేయించుకుని ఇంట్లో ఉండేవాళ్ళకు రాష్ట్రం అప్పట్లో 450 డాలర్లు ఇచ్చేదని, పాజిటివ్ వస్తే 1,500 డాలర్లు ఇచ్చేదని, తాత్కాలిక వీసా ఉన్నా అడగొచ్చని ఒక్కడికీ తెలియదు. ప్రకటనలన్నీ 'ఇంట్లో ఉండండి' అన్నాయి, ఇంట్లో ఎలా ఉండగలరో చెప్పలేదు. ప్రజారోగ్య ప్రచారానికి డబ్బిచ్చేవాళ్ళు ఇది గట్టిగా పట్టించుకోవాలని నా అభిప్రాయం. మనిషి భయం తీర్చే సమాచారం ముందు చేరాలి, ఆ తర్వాతే నియమం చెవికెక్కుతుంది.

వినాయక చవితి ఆగస్టు 22న, కఠినమైన లాక్‌డౌన్ మధ్యలో వచ్చింది. 'మట్టి వినాయకుణ్ణి ఇంట్లోనే బకెట్లో నిమజ్జనం చేద్దాం' అన్న చిన్న వీడియోలోనే మాస్కు సంగతి, టెస్టు సంగతి కలిపేశాం, బాగా తిరిగింది.

తర్వాత టీకాలు. ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం 2021 జనవరిలో 2.39 కోట్ల డాలర్లతో టీకా ప్రచారం ప్రకటించింది. ఏప్రిల్ 8న 50 ఏళ్ళలోపు వాళ్ళకు ఆస్ట్రాజెనెకా కన్నా ఫైజర్ మేలని నిపుణుల సలహా వచ్చింది, 13న ఉగాది. హాల్లో మనవాళ్ళు చేతిలో పచ్చడి గిన్నెతోనే మన డాక్టరుగారి టేబుల్ చుట్టూ చేరారు, "రక్తం గడ్డకడుతుందట, ఊళ్ళో అమ్మావాళ్ళు వేయించుకున్న కోవిషీల్డ్ కూడా ఇదేనట కదా?" అంటూ. ఆయన పంచాంగ శ్రవణం అయ్యేదాకా అక్కడి నుంచి లేవలేదు. మేం అచ్చేయించిన కరపత్రం అప్పటికే పాతబడిపోయింది, ఆ డబ్బు వృథా అని ఒప్పుకోవాలి. జూన్ 17న ఆ సలహా మళ్ళీ మారి 60 ఏళ్ళయింది.

మే నెల గురించి రాయడం కష్టంగా ఉంది. ఇండియాలో రెండో వేవ్ నడుస్తుంటే మే 3 నుంచి 15 దాకా ఇండియా నుంచి వచ్చే ఆస్ట్రేలియా పౌరులు కూడా అడుగుపెట్టకూడదన్నారు, వస్తే 5 ఏళ్ళ వరకు జైలు, 66,600 డాలర్ల వరకు జరిమానా. హైదరాబాదులో, గుంటూరులో, విశాఖలో తమవాళ్ళు ఆక్సిజన్ బెడ్డు కోసం తిరుగుతుంటే, ఇక్కడున్న కుటుంబాలవాళ్ళు మాకు ఫోన్ చేసి ఏడ్చారు. గ్రాంటు కొవిడ్, టీకా సమాచారం చేరవేయడానికి మాత్రమే, ఇలాంటివాళ్ళకు సాయం చేయడానికి వాడకూడదు. రాత్రిళ్ళు ఫోన్ దగ్గర కూర్చున్నది మన వాలంటీర్లు, ఖర్చు పెట్టింది మీ సభ్యత్వ రుసుము. దానికి మిమ్మల్ని ముందుగా అడగనందుకు కమిటీ తరఫున బాధ్యత తీసుకుంటున్నాను, కానీ మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాం.

2021 అక్టోబరు 1న కోవిషీల్డ్‌ను ఆస్ట్రేలియా గుర్తించింది కాబట్టి, ఊళ్ళో రెండు డోసులు వేయించుకున్న అమ్మానాన్నల ప్రయాణాల మీద ఇప్పుడు ప్రశ్నలు మొదలయ్యాయి. దానికి కొత్త ఆడియో తయారవుతోంది.

సర్వసభ్య సమావేశంలో మూడు విషయాలు మీ ముందు పెడతాం. గ్రాంటు మళ్ళీ అడిగితే అచ్చు ఖర్చు తగ్గించి, నియమం మారిన రోజునే రికార్డు చేసే మనిషికి జీతం ఇవ్వడం. ప్రభుత్వ అనువాదాలను విడుదలకు ముందే మనలాంటి సంఘాలకు ఒక గంట చూపించమని రాతపూర్వకంగా అడగడం. మే నెలలాంటి వాటికోసం ఏ షరతులూ లేని చిన్న నిధి పక్కన పెట్టుకోవడం.

టీచరమ్మ విమానాలు మొదలవగానే తెనాలి వెళ్ళిపోతున్నారు. గొంతివ్వగలిగినవాళ్ళు, రాయలసీమ యాస అయినా, తెలంగాణ యాస అయినా, ఈ నెలాఖరులోపు కార్యదర్శికి చెప్పండి.