ఆదివారం సెల్లార్‌లో ఎలుకల మందు, కుక్కలున్నవాళ్లు తప్పక చదవండి

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు సెల్లార్‌లో, మెట్ల కింద ఎలుకల మందు పెడుతున్నారు. సోమవారం సాయంత్రం తీసేసేదాకా కుక్కల్ని గొలుసు లేకుండా కిందికి తేవద్దు. చాలా రకాల ఎలుకల మందులు కుక్క తిన్నా రెండు మూడు రోజులు ఏమీ తెలియదు, ఆ తర్వాతే లోపల రక్తస్రావం మొదలవుతుంది. కాబట్టి అనుమానం వస్తే చాలు, ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఉప్పునీళ్లు పట్టి కక్కించకండి. మందు ప్యాకెట్ ఫొటో ఇక్కడే పెడతాను, డాక్టర్‌కు చూపించండి.

ఇంకోటి. కొండ నుంచి తెచ్చిన లడ్డూ, ప్రసాదమే కదా అని కుక్కలకు పెడుతున్నారు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, వాటి కిడ్నీలు దెబ్బతినొచ్చు. మనమే తిందాం, మిగిలితే మా ఇంటికి పంపండి 🙂 చాక్లెట్, ఉల్లిపాయ, పారాసిటమాల్ కూడా వద్దు.

కుక్క ఉన్నవాళ్లు శనివారం రాత్రిలోగా ఫ్లాట్ నంబర్ ఇక్కడ పెట్టండి. వాచ్‌మన్‌కు లిస్ట్ ఇవ్వాలి.