ఇంజిన్ విప్పకముందే నిరాకరించిన వారంటీపై ఫిర్యాదు

విశాఖపట్నం

కస్టమర్ రిలేషన్స్ విభాగాధిపతి గారికి,

విషయం: వారంటీ గడువులో ఉన్న కారు ఇంజిన్ పట్టేయడం, నీళ్లు చొరబడ్డాయన్న మీ డీలరు నిర్ణయంపై అభ్యంతరం.

అయ్యా,

మీ కంపెనీ తయారుచేసిన మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు కారును 2023లో విశాఖపట్నంలోని మీ అధీకృత డీలరు వద్ద కొన్నాను. వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఇంజిన్ ఆగిపోయిన నాటికి కారు 31 వేల కిలోమీటర్లే తిరిగింది, గడువు కూడా మిగిలే ఉంది. ఈ రెండు విషయాల్లో డీలరుకూ నాకూ పేచీ లేదు. పేచీ అంతా ఇంజిన్ ఎందుకు పోయిందన్న దాని మీదే.

సెప్టెంబరులో ఒక సాయంత్రం మధురవాడ నుంచి ఎంవీపీ కాలనీకి జాతీయ రహదారి మీద వస్తుండగా, ఎండాడ దాటాక ఆయిల్ ప్రెషర్ దీపం ఎర్రగా వెలిగింది. బండిని పక్కకు తీసేలోపే ఇంజిన్ అడుగు నుంచి గట్టిగా కొట్టుకుంటున్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాహనమే దాన్ని వర్క్‌షాపుకు చేర్చింది. మర్నాడు ఉదయం సర్వీస్ అడ్వైజర్ ఫోన్ చేసి, వాన నీళ్లు ఇంజిన్లోకి వెళ్లాయని, అది వారంటీ కిందికి రాదని, 3,40,000 రూపాయల ఎస్టిమేట్ పంపుతున్నామని చెప్పారు. అప్పటికి ఇంజిన్‌కు ఒక్క బోల్టు కూడా విప్పలేదు. జాబ్ కార్డు ప్రకారం ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టెను, అంటే ఆయిల్ సంప్‌ను, దించింది ఆ తర్వాతి వారంలో. ముందు కారణం నిర్ణయించి, ఆ తర్వాత ఇంజిన్ విప్పారన్నదే నా ప్రధాన అభ్యంతరం.

ఆ వారం నగరంలో వానలు పడిన మాట, జ్ఞానాపురం వైపు రోడ్ల మీద నీళ్లు నిలిచిన మాట నిజమే. నా దారి అటు కాదు. అయినా నా మాటను నమ్మమని అడగడం లేదు, ఇంజిన్‌నే చూడమంటున్నాను. సిలిండర్లోకి నీళ్లు వెళ్తే, నీరు గాలిలా కుదించుకుపోదు గనుక, పైకి వచ్చే పిస్టన్ దానికి తగిలి ఆగిపోతుంది, పిస్టన్‌ను కింది నుంచి నెట్టే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక్కోసారి రాడ్ కొద్దిగా వంగి, బండి మరి కొంతకాలం నడిచి, తర్వాత చెడిపోవడం కూడా జరుగుతుంది. అందుకే నా సమక్షంలో సిలిండర్ల పైమూత అయిన హెడ్ తీసినప్పుడు, మూడు పిస్టన్లనూ పై అంచుకు తెప్పించి డయల్ గేజ్‌తో ఎత్తు కొలవమని పట్టుబట్టాను. మూడూ ఒకే ఎత్తుకు వచ్చాయి. రాడ్ వంగి ఉంటే ఆ పిస్టన్ తక్కినవాటి కంటే కిందే ఉండిపోయేది. ఎయిర్ ఫిల్టర్ కాగితం పొడిగా ఉంది, దాని పెట్టెలో బురద గీత లేదు. నీళ్లు కలిసిన ఆయిల్ పాలు పోసిన కాఫీ రంగుకు తిరుగుతుంది, మా బండి నుంచి దించిన ఆయిల్ నల్లగానే ఉంది.

ఆ నల్లటి ఆయిల్లో ఏముందో మీ సాంకేతిక విభాగం శ్రద్ధగా చూడాలి. ఈ ఇంజిన్లో వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టు ఆయిల్లో తడుస్తూ తిరిగే రకం. ఆ బెల్టు అంచులు పెళుసెక్కి రాలి ఉన్నాయి, రాలిన రబ్బరు ముక్కలు సంప్‌లో ఆయిల్‌ను వడగట్టే స్ట్రైనర్ జాలీని దాదాపు పూర్తిగా మూసేశాయి. జాలీ మూసుకుపోతే పంపుకు ఆయిల్ అందదు, ప్రెషర్ పడిపోతుంది, ముందుగా దెబ్బతినేవి పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, మీది బేరింగులు. ఇక్కడ రెండో సిలిండర్ రాడ్ బేరింగు అరిగి, కాలి, తన చోటు నుంచి తిరిగిపోయి ఉంది. స్కానర్‌లో వచ్చిన కోడ్ కూడా పీ0524, అంటే ఆయిల్ ప్రెషర్ మరీ తక్కువ అని. ఆ క్షణంలో కారులోని కంప్యూటర్ దాచుకున్న వివరాల్లో వేగం గంటకు 58 కిలోమీటర్లు. గాలి గొట్టం మునిగేంత నీటిలో ఏ కారూ ఆ వేగంతో వెళ్లదు. ఇలా ఆయిల్లో తిరిగే బెల్టులు రాలిపోయి ఆయిల్ పంపు దాకా ఇబ్బంది పాకడం ఇతర దేశాల్లో వేరే ఇంజిన్లలోనూ బయటపడింది, వాటిలో కొన్నింటిని తయారీదారులే రీకాల్ చేశారు.

ఈ వివరాలు ముందు పెట్టాక డీలరు మాట మారింది. ఆయిల్ సరైనది కాకపోతే బెల్టు అలా రాలుతుందన్నారు. అది నిజం కావచ్చు. అయితే తొలి సర్వీసు నుంచి చివరి సర్వీసు వరకు ఆయిల్ మార్చింది ఆ వర్క్‌షాపులోనే, బిల్లులన్నీ వారివే. ఆయిల్ తప్పైతే ఆ తప్పు పోసినవారిది, ఆయిల్ సరైనదైతే లోపం బెల్టుది. రెండింటిలో ఏదైనా ఖర్చు నా మీద పడడానికి దారి లేదు. బ్యాటరీ బయట మార్పించారు గనుక వారంటీ చెల్లదని కూడా ఒకసారి అన్నారు. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో, బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందన్న షరతు పెట్టరాదని చెప్పింది. బ్యాటరీకీ స్ట్రైనర్ జాలీకీ సంబంధం ఏమిటో వారు ఇప్పటికీ చెప్పలేదు.

అన్నిటికంటే బాధించినది ఇంకొకటి. నా ఇన్సూరెన్స్ పాలసీలో నీళ్ల వల్ల ఇంజిన్‌కు జరిగే నష్టాన్ని భరించే ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ ఉందని చూసి, నీళ్లలో ఆగిపోయిందని రాసిస్తే ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దామని సర్వీస్ అడ్వైజర్ సూచించారు. జరగనిది జరిగిందని నేను సంతకం పెట్టను. నీళ్ల కథ ఎందుకు పుట్టిందో ఈ సూచనతో నాకు కొంత అర్థమైంది.

కాబట్టి మీ ప్రాంతీయ సాంకేతిక అధికారిని పంపి, నా సమక్షంలో ఇంజిన్‌ను పరీక్షింపజేసి, వారంటీ కింద ఇంజిన్‌ను ఉచితంగా మార్చి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నిరాకరించేట్లయితే వారంటీ పుస్తకంలోని ఏ షరతు ప్రకారమో, దానికి ఆధారమేమిటో లిఖితపూర్వకంగా తెలపండి. బెల్టు, స్ట్రైనర్, బేరింగులు, ఆయిల్ నమూనా సీలు వేసి భద్రపరచాలి, వాటిని స్క్రాపుకు పంపరాదు. తయారీ లోపాన్ని రుజువు చేయవలసిన బాధ్యత వినియోగదారుడిపైనే పడుతుంది గనుక, నాకున్న సాక్ష్యం ఆ విడిభాగాలే. వర్క్‌షాపు రోజువారీగా వేస్తున్న పార్కింగ్ ఛార్జీని కూడా రద్దు చేయించాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35 కింద విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీ కంపెనీనీ డీలరునూ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేస్తాను. సెక్షన్ 38 కింద ఆ విడిభాగాలను ప్రయోగశాల పరీక్షకు పంపమని కోరతాను. జాబ్ కార్డు, సర్వీసు బిల్లులు, స్కానర్ నివేదిక, హెడ్ తీసినప్పటి ఫొటోల ప్రతులను జతపరుస్తున్నాను.

ఇట్లు,
వాహన యజమాని,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం